లఘుశంక - గురుభారం

తెలుగు చెప్పుకొని బ్రతికేవానికి మాటల మీద మమకారం సహజం. ఒక చిన్న దేహధర్మానికి మనవారు ఎన్ని మారుపేర్లు పెట్టుకున్నారో ఒకనాడు తరగతిలో ఏకరువు పెట్టాను. పండితులు లఘుశంక అన్నారు. కోస్తా పెద్దలు అల్పాచమానం అన్నారు. మా నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఒంటేలు అంటారు. బడిపిల్లలు ఏమీ అనక చిటికెన వ్రేలు చూపుతారు. తరగతి అంతా గొల్లున నవ్వింది. ద్వారం ప్రక్కన చివరి బల్ల మీద కూర్చునే అమ్మాయి మాత్రం నవ్వలేదు. అది నాకు ఆనాడే కనబడింది. ఎందుకో తెలియడానికి మాత్రం మరి నాలుగు నెలలు పట్టింది.

ఆ అమ్మాయి ప్రతిదినం పదకొండు గంటల వేళకు పాఠం మధ్యలో సంచి పట్టుకొని లేచిపోయేది. పావుగంటకు గాని తిరిగి రాదు. పద్యం సగంలో ఉండగా ఎవరైనా లేచిపోతే ఉపాధ్యాయుని అహంకారానికి దెబ్బ తగులుతుంది. ఒకనాడు అందరి ఎదుటా మందలించాను. ఆమె తల వంచుకొని కూర్చుండిపోయింది. ఆ పూట లేచి వెళ్ళలేదు. మరి మూడవనాడు వాళ్ళ అమ్మ వచ్చింది. "సారూ, కోపం జెయ్యకుండ్రి. మా బిడ్డకు ఒంటేలు వచ్చేది ఎర్కలేదు. గడియారం సూసుకొని పోయి పైపుతోని తీసుకుంటది. మొన్న పోకుండ కూసున్నదట, రాత్రికి సలిజొరం వచ్చింది. గీ ముచ్చట నలుగుట్ల ఎట్ల చెప్పుకుంటది?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

రెండేండ్ల క్రిందట మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ ఆ పిల్ల క్రింద పడిందట. వెన్ను అడుగుభాగాన దెబ్బ తగిలింది. హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. చేతికర్ర సాయంతో నడక వచ్చింది గాని మూత్రాశయానికి తెలివి రాలేదు. కళాశాలలో మాత్రం అందరూ ఆమెది ఫ్లోరైడు రోగమనే అనుకున్నారు, నాతో సహా. మా జిల్లాలో వంగిన వెన్ను కనబడితే వేరు కారణం వెదకము.

ఆ అలవాటుకు తగిన చరిత్ర లేకపోలేదు. మన దేశంలో ఈ ఫ్లోరైడు వ్యాధిని గూర్చిన తొలి వైద్యనివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుండి వెలువడింది. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి డాక్టర్ సిద్దిఖీ వ్రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు నీటిలో కరిగి, ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలలో చేరుతుంది. ఎముక బలుస్తుంది, దానిని పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడి రాయి అవుతాయి, వెన్నెముక నడుమనున్న దారి ఇరుకై లోపలి వెన్నుపామును నొక్కుతుంది. కాళ్ళు బిగుసుకుంటాయి, కొందరికి చివరకు మూత్రం మీద స్వాధీనం తప్పుతుంది. అయితే ఇది ఎక్కువగా నడివయస్సు దాటినవారికి వచ్చే స్థితి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును విరిచే పద్ధతికి నాగపూరు పరిశోధకులు మా జిల్లా పేరే పెట్టారు. అది ఏమి కీర్తియో! 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా మా పల్లెలకు కృష్ణానీరు వచ్చింది. కాని ఎముకలో చేరినది నీరు మారినంత సులభంగా పోదు. కారణం ఫ్లోరైడు గానీ, వెన్నుకు పట్టిన క్షయ గానీ, తాటిచెట్టు మీది నుండి జారిన గీత కార్మికుని దురదృష్టం గానీ, వెన్నుపాము దెబ్బతిన్నాక చాలామందికి మిగిలే సమస్య ఒకటే.

మూత్రాశయం ఒక సంచి. అది నిండిన కబురు వెన్నుపాము చివరి నరాల గుండా మెదడుకు చేరాలి. విడువమనే ఆజ్ఞ అదే దారిన తిరిగి రావాలి. ఆ తంతి తెగితే సంచి నిండుతూనే ఉంటుంది. నాలుగైదు వందల మిల్లీలీటర్లు దాటి నిలువ ఉంచితే ఒత్తిడి పెరిగి మూత్రపిండాలకే చేటు. నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జ్వరం వస్తుంది. ఒకప్పుడు వెన్ను విరిగినవారిలో చాలామంది వెన్నుదెబ్బతో గాక ఈ మూత్రదోషంతోనే, పడకపుండ్లతోనే మరణించేవారు.

ఆ మరణాలను తప్పించిన వస్తువు ఒక సన్నని గొట్టం. కేథటర్ అనే మాటకు గ్రీకు మూలంలో క్రిందికి పంపునది అని అర్థం. మనకూ ఇది పూర్తిగా క్రొత్త కాదు. సుశ్రుతుడు ఉత్తరవస్తి ప్రకరణంలో మూత్రమార్గాన ఔషధం పంపే గొట్టపు కొన మాలతీపుష్పపు కాడవలె ఉండాలనీ, దాని రంధ్రంలో ఆవగింజ పట్టాలనీ చెప్పాడు. శాస్త్రకారుడు కవి వలె మాట్లాడిన చోట్లలో అది ఒకటి.

నేడు వాడుకలో రెండు దారులున్నాయి. కొన వద్ద చిన్న బుడగ ఉండి లోపలనే నిలిచిపోయే గొట్టం మొదటిది. దానికి సంచి తగిలిస్తారు. ఆ సంచి ఎప్పుడూ నడుముకంటె క్రిందనే ఉండాలి, నేలకు తగులరాదు, గొట్టం మెలిపడరాదు, వైద్యుడు చెప్పిన గడువుకు మార్పించాలి. రెండవది అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడీస్ అనే వైద్యుడు 1972లో ప్రకటించిన పద్ధతి. రోగి తానే దినానికి నాలుగు నుండి ఆరుసార్లు గొట్టం పెట్టి, సంచి ఖాళీ చేసి, గొట్టం తీసివేయడం. అంతకు ముందు ఆసుపత్రులలో సంపూర్ణ నిర్జీవీకరణ లేనిదే ఆ గొట్టాన్ని తాకనిచ్చేవారు కారు. లాపిడీస్ మాత్రం, సబ్బుతో చేతులు శుభ్రంగా కడుగుకుంటే చాలును, వేళ తప్పకపోవడమే ముఖ్యమన్నాడు. ఆడపిల్లలకు మూత్రమార్గం నాలుగు సెంటీమీటర్లకు మించి ఉండదు. మొదట అద్దం పెట్టుకొని నేర్చుకుంటారు. పిమ్మట స్పర్శే దారి చూపుతుంది. నేర్పవలసినది ఆసుపత్రి నర్సు. గొట్టం దూరకపోతే బలవంతం చేయరాదు. చలిజ్వరం, నెత్తురు, నడుము ప్రక్కన నొప్పి కనబడితే ఆలస్యం పనికిరాదు. వెన్ను పైభాగాన దెబ్బ తగిలినవారికైతే, గొట్టం మూసుకుపోయినప్పుడు భరింపరాని తలనొప్పి, చెమటలు పుట్టి రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, అది ప్రాణాపాయం. ప్రక్కనున్న ఉపాధ్యాయునికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఇంత చిన్న పనికి అడ్డం వచ్చినదేమిటో తరువాత ఆ అమ్మాయే చెప్పింది. మా స్త్రీల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. సంచి పెట్టుకొనేందుకు పొడిచోటు లేదు. కుళాయిలో నీరు ఉదయం వేళ మాత్రమే. అందుచేత ఆమె ఇంటి నుండి సీసాలో నీరూ సబ్బుముక్కా తెచ్చుకొనేది. వాడిన గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకుపోయేది. పాలమూరు ఎండలో సాయంకాలం దాకా చుక్క నీరు త్రాగేది కాదు. "తక్కువ తాగితే తక్కువ సార్లు పోవచ్చు గద సార్" అన్నది. అది తప్పు లెక్క. నీరు తగ్గిన కొద్దీ మూత్రం చిక్కబడి రోగానికి చోటిస్తుంది. కాని అదే లెక్క మన బడులలో ఏ రోగమూ లేని ఆడపిల్లలు ఎందరో వేసుకుంటున్నారు. మగ ఉపాధ్యాయులం మనం ఎన్నడూ అడుగము.

విద్యాలయ భవనాలు వికలాంగులకు అనువుగా ఉండాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. మా ప్రిన్సిపాలుగారికి నేను చట్టం చదివి వినిపించలేదు; గడియ పేరు చెప్పి వడ్రంగిని అడిగాను. మరునాటికి గడియ పడింది. గోడకు ఒక చెక్కబల్ల, ఒక కొక్కెం, మూత ఉన్న బుట్ట, ఒక నీళ్ళ డ్రమ్ము చేరినవి. మొత్తం ఖర్చు మా వార్షికోత్సవపు పూలదండల ఖర్చుకు లోపే. నిజానికి ఆ అటెండరు ముసలమ్మ చేసిన మేలు అన్నిటికంటె పెద్దది. ఎవరూ చెప్పకుండానే ప్రతిదినం పదకొండు గంటలకు డ్రమ్ము నింపి, ఆ తలుపు వద్ద కాపలా నిలిచేది.

ఆ పిల్లకు మరొక భయం ఉండేది: తన బ్రతుకు ఇంతటితో ముగిసిందని. ఆమెకు వెల్లూరు వైద్యురాలు మేరీ వర్గీస్ కథ చెప్పాను. 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము క్రింద చచ్చుబడిన ఆమె, చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. వెల్లూరులో పునరావాస వైద్యశాఖను నిలబెట్టింది. 1972లో పద్మశ్రీ అందుకున్నది. అమ్మాయి అంతా విని, "ఆమెకు గూడ గిట్లనే పైపు ఉండెనా సార్?" అని అడిగింది. పుస్తకాలు గొప్పవారి ధైర్యం వ్రాస్తాయి గాని ఇట్టివి వ్రాయవు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆమె డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నది. మొన్న కనబడినప్పుడు, "మూత్రనాళిక అనే మాట ఎట్లున్నదమ్మా, పైపు అనడం నాకు బాగా లేదు" అన్నాను. ఆనాడు తరగతిలో నవ్వని పిల్ల ఈసారి పకపక నవ్వింది.

"వద్దు సార్. మా అమ్మకు తెల్వాలె గద. పైపే ఉండనీయుండ్రి."