గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేని గేమ్

హాస్టల్లో గేమ్ అంటే బీజీఎంఐ, కాదంటే వాలొరెంట్. "నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు మావా" అంటూ పక్కన కూర్చుని చూసేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. టీఐఎస్-100 ఆడి చూడండి. 2015లో జాక్‌ట్రానిక్స్ విడుదల చేసింది. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే!

చనిపోయిన అంకుల్ బాగుచేస్తూ వదిలేసిన పాత కంప్యూటర్ మన చేతికొస్తుంది. అసెంబ్లీ లాంటి భాషలో ప్రోగ్రాములు రాసి దాన్ని నడిపించాలి. నేర్పే ట్యుటోరియల్ లేదు, మాన్యువల్ చదువుకోవాల్సిందే. మొత్తం 12 గళ్ళు. ఒక్కో చిన్న ప్రాసెసర్‌లో 15 లైన్లే పడతాయి. గుణకారం లేదు, కూడుకుంటూ పోవాలి.

అసలు మజా వేరే ఉంది. ఒక ప్రాసెసర్ పక్కదానికి విలువ పంపితే, అది అందుకునేదాకా ఇది కదలదు. రెండూ ఒకేసారి ఒకదానికొకటి పంపాయో, రెండూ అక్కడే ఆగిపోతాయి. ఓఎస్ పరీక్షలో డెడ్‌లాక్ నిర్వచనం బట్టీపట్టి రాశాను. అర్థమైంది మాత్రం ఈ గేమ్‌లో, రాత్రి రెండింటికి.

సగం దాటాక బాగా కష్టం, దాచను. నేనూ కొన్ని వదిలేశా.

రెండో పజిల్ 'సిగ్నల్ యాంప్లిఫయర్'లో వచ్చిన అంకెను రెట్టింపు చేసి పంపాలి. నాలుగు లైన్లు రాసి అయిపోయిందనుకున్నా. చివర్లో ఎన్ని సైకిళ్ళు పట్టాయో మిగతా ఆటగాళ్ళతో పోలుస్తూ గ్రాఫ్ వచ్చింది. నాకంటే చాలా తక్కువలో చేసినవాళ్ళున్నారు! పనిని రెండు ప్రాసెసర్లకు పంచాలని తట్టడానికి గంట పట్టింది.