వాణిజ్య ప్రకటనల పఠనం: జ్యోతినగర్ పరిసర యువతకు వాక్యార్థ బోధన

వ్యాస సంగ్రహం:
వాణిజ్య ప్రకటనల పద్ధతులను గుర్తించడం యువతకు నేర్పేటప్పుడు ఆ పద్ధతుల పేర్లను పట్టికగా ఇవ్వడం సాధారణం. అయితే ప్రకటన చాలా సందర్భాలలో అబద్ధం చెప్పదు. వాక్యాన్ని అసంపూర్ణంగా వదిలి, మిగిలిన అర్థాన్ని పాఠకుని చేతనే పూరింపజేస్తుంది. అందువల్ల భారతీయ వాక్యార్థ విచారణలోని ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి అనే భావనలు దీనికి తగిన బోధన సాధనాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రామగుండం పరిధిలోని జ్యోతినగర్, గోదావరిఖని యువతను నేరుగా తాకే కోచింగ్ సంస్థల ప్రకటనలను ఇందుకు ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: వాణిజ్య ప్రకటన, వాక్యార్థం, ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి, కోచింగ్, వినియోగదారుల రక్షణ.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘ప్రకటన’ అనే మాట రెండు భిన్న విషయాలను సూచిస్తుంది. ఖాళీల సంఖ్య, అర్హత, రుసుము, గడువు తెలిపే ఉద్యోగ ప్రకటన ఒకటి. సరుకునో సేవనో అమ్మజూపే వాణిజ్య ప్రకటన మరొకటి. మొదటిది సమాచారం ఇవ్వడానికి, రెండవది ఒప్పించడానికి పుట్టాయి. రెండింటికీ పేరు ఒక్కటే కావడం వల్ల మొదటిదానికి ఉన్న విశ్వసనీయతలో కొంత భాగం రెండవదానికి అప్పనంగా దక్కుతుంది. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు నిత్యకృత్యమైన ప్రాంతంలో ఈ తేడాను నేర్పడం భాషాబోధకుని బాధ్యతల్లో ఒకటి.

2. ప్రాంతీయ నేపథ్యం:
జ్యోతినగర్ రామగుండంలోని ఎన్.టి.పి.సి. టౌన్‌షిప్. 2,600 మెగావాట్ల విద్యుత్కేంద్రం, ఆ చేరువలో గోదావరిఖని బొగ్గుగనులు ఈ ప్రాంత జీవనానికి ఆధారాలు. సింగరేణి సంస్థలో 1990ల తొలినాళ్ళలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు చేరింది. తండ్రి తరువాత కొడుక్కు అదే గనిలో పని దొరుకుతుందన్న భరోసా సన్నగిల్లింది. ఆ స్థానాన్ని ప్రవేశ పరీక్షలు, ఉద్యోగ పోటీ పరీక్షలు ఆక్రమించాయి. వాటి వెంటే కోచింగ్ ప్రకటనలు వచ్చాయి.

సబ్బు ప్రకటనను నమ్మి మోసపోతే నష్టం కొద్ది రూపాయలు. కోచింగ్ ప్రకటనను నమ్మి మోసపోతే పోయేది తండ్రి పదవీ విరమణ సొమ్ము, విద్యార్థి వయస్సులో ఒకటి రెండేళ్లు. కాబట్టి ప్రకటనల బోధన ఇక్కడ కుటుంబ ఆర్థిక భద్రతకు సంబంధించిన విషయం.

3. పట్టికల పద్ధతి, దాని పరిమితి:
అమెరికాలో 1937లో ఏర్పడిన ప్రచార విశ్లేషణ సంస్థ ప్రచారంలోని ఏడు ఉపాయాలను పేర్లతో గుర్తించింది. ప్రముఖుని సాక్ష్యం, ‘అందరూ ఇటే’ అనే మంద ఒత్తిడి, అనుకూలాంశాలను మాత్రమే పేర్చడం వాటిలో కొన్ని. ఈ పట్టిక పాఠశాలలకు ఉపయోగపడినా, విద్యార్థుల్లో అన్నింటిపైనా అపనమ్మకం పెంచుతుందన్న విమర్శను ఎదుర్కొంది. 1994లో ఫ్రీస్టాడ్, రైట్ అనే పరిశోధకులు ఒప్పించే ప్రయత్నాల గురించిన జ్ఞానంపై ఒక నమూనాను ప్రతిపాదించారు. ఒక మాట తనను ఒప్పించడానికి వాడిన ఎత్తుగడ అని తెలిసిన క్షణంలో వినేవానికి ఆ మాట అర్థమే మారిపోతుందన్నది అందులోని కీలకాంశం. అర్థం మారడమే ఫలితమైతే, బోధన అర్థనిర్ణయం దగ్గరే మొదలుకావాలి.

4. ప్రకటన వాక్యం - మూడు పరీక్షలు:
పదసముదాయం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి ఉండాలని విశ్వనాథుని సాహిత్యదర్పణం మొదలైన గ్రంథాలు నిర్దేశించాయి. తెలుగు అధ్యాపకులకు సుపరిచితమైన ఈ లక్షణాలను ప్రకటనలకు అన్వయించవచ్చు.

4.1. ఆకాంక్ష:
ఒక పదం విన్నాక అర్థం పూర్తికావడానికి మరొక పదం కావాలనిపించడమే ఆకాంక్ష. ‘మా ర్యాంకులు 1, 2, 5, 9’ అనే తరహా ప్రకటన చూడగానే ‘ఎంతమంది రాస్తే?’ అన్న ప్రశ్న పుట్టాలి. ఏ శాఖలో చదివారు, ఏ పరీక్షలో వచ్చాయి, ఏ సంవత్సరం అన్నవి తరువాతి ప్రశ్నలు. జె.ఇ.ఇ. మెయిన్ ఫలితాల్లో సబ్జెక్టు వారీ పర్సంటైల్ వేరు, మొత్తం పర్సంటైల్ వేరు. ఉమ్మడి ర్యాంకు, కేటగిరీ ర్యాంకు కూడా ఒకటి కావు. అంకె నిజమే కావచ్చు. అది దేనికి సంబంధించిందో చెప్పకపోవడమే ఇక్కడి ఎత్తుగడ.

4.2. యోగ్యత:
పదార్థాల మధ్య పొసగే సంబంధమే యోగ్యత. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అన్నది శాస్త్రం చూపే ప్రసిద్ధ ప్రత్యుదాహరణ. ‘నూరు శాతం ఉద్యోగ హామీ’ అన్న మాట కూడా ఆ కోవలోనిదే. ఉద్యోగం ఇచ్చేది నియామక సంస్థ; హామీ ఇస్తున్నది శిక్షణ సంస్థ. తన చేతిలో లేనిదాన్ని ఇస్తాననే కర్తకు ఆ క్రియతో అన్వయం కుదరదు. ‘ఇస్తామంటున్నది ఎవరు? అది ఇవ్వడం వారి చేతిలో ఉందా?’ అని విద్యార్థి అడగగలిగితే చాలు.

4.3. ఆసత్తి:
పదాలు వ్యవధానం లేకుండా దగ్గరగా ఉండటం ఆసత్తి. ప్రకటనలో విజేత ఫోటో పక్కనే సంస్థ పేరు ఉంటుంది. ‘ఇక్కడే చదివి గెలిచాడు’ అన్న క్రియలను పాఠకుడే చేరుస్తాడు. సివిల్ సర్వీసుల విజేతల్లో అనేకులు సంస్థల ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వెళ్ళగా, ఆ సంగతిని దాచి వారి ఫోటోలను వాడుకొన్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గుర్తించింది. ఇందుకు విరుద్ధంగా, షరతులను మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో దూరంగా పెడతారు. కలపకూడనివాటిని దగ్గర చేయడం, కలిసి ఉండవలసినవాటిని విడదీయడం ఒకే ఎత్తుగడకు రెండు వైపులు.

5. చట్టం - వాక్యపూరణ:
వినియోగదారుల రక్షణ చట్టం-2019 తప్పుడు వర్ణనను, తప్పుడు హామీని మాత్రమే కాక, ముఖ్య సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని కూడా తప్పుదారి పట్టించే ప్రకటన నిర్వచనంలో చేర్చింది. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం వాదన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా అదే భాషలో ఉండాలి. తెలుగులో ఆశ చూపి ఇంగ్లీషులో షరతు పెట్టడం ఇకపై చెల్లదు.

2024 నవంబర్ 13న కోచింగ్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు వెలువడ్డాయి. విజేత ఫోటోతో పాటు పేరు, ర్యాంకు, చదివిన కోర్సు, దానికి రుసుము చెల్లించారా లేదా అన్నది తెలపాలి. ఇది ఆకాంక్షను పూరించడమే. విజయం తరువాత అభ్యర్థి లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఎంపికకు, ఉద్యోగానికి హామీలు ఇవ్వరాదు. ఇది యోగ్యతా నియమం. షరతులను ఇతర ముఖ్య వివరాల పరిమాణంలోనే ముద్రించాలి. ఇది ఆసత్తిని పునరుద్ధరించడం. ‘కొద్ది సీట్లే మిగిలాయి’ వంటి కృత్రిమ తొందరను కూడా ఇవి నిషేధించాయి.

6. తరగతి గదిలో అన్వయం:
ఇంటర్మీడియట్, డిగ్రీ తెలుగు తరగతుల్లో ఒక ఉద్యోగ నోటిఫికేషన్‌ను, ఒక కోచింగ్ కరపత్రాన్ని పక్కపక్కన చదివించవచ్చు. మొదట నోటిఫికేషన్‌లోని ఖాళీలు, అర్హత, గడువు వంటి వివరాలను గుర్తింపజేయాలి. తరువాత కరపత్రంలోని ప్రతి వాక్యాన్ని కర్త, క్రియ, సంఖ్య, కాలం, షరతులతో పూర్తి వాక్యంగా తిరగరాయించాలి. రాయలేక ఆగిపోయిన చోటును ప్రశ్నగా మార్చి, రుసుము చెల్లించేముందు సంస్థను లిఖితపూర్వకంగా అడిగేలా శిక్షణ ఇవ్వాలి. మోసపోయామని తేలితే ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉందని చెప్పాలి. ఈ అభ్యాసంలో తల్లిదండ్రులను కూడా చేర్చడం అవసరం. కరపత్రం చదివేది విద్యార్థి అయినా, ఆందోళనతో సంతకం చేసేది వారే.

7. ముగింపు:
- ప్రకటనల బోధన ఉద్దేశం అన్నింటినీ అనుమానించడం కాదు. వివరాలన్నీ ఇచ్చిన సంస్థను విద్యార్థి నమ్మవచ్చు. ఆ నమ్మకానికి ఆధారం తెలిసి ఉండాలి.
- ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి అలంకారశాస్త్ర ప్రశ్నపత్రానికి పరిమితమైన పదాలు కావు. నిత్యజీవిత వాక్యాలను పరీక్షించే సాధనాలు.
- చట్టం ప్రకటనకర్తకు విధించిన నియమాలనే వ్యాకరణం పాఠకునికి ప్రశ్నలుగా అందిస్తుంది. చట్టం నష్టం జరిగాక ఆదుకోవచ్చు. ప్రశ్న రుసుము కట్టకముందే ఆదుకొంటుంది.