రిఫ్రిజిరేటరు - నిప్పు

2017 జూన్ 14వ తేదీని లండను నగరమున గ్రెన్‌ఫెల్ టవరను 24 అంతస్తుల భవనము తగులబడి 72 మంది యసువులు బాసిరి. ఆ నిప్పు నాల్గవ యంతస్తునందలి యొక వంటయింటి రిఫ్రిజిరేటరునొద్ద బుట్టినదని విచారణ సంఘము తేల్చినది. భవనమునకు దొడిగిన పైకప్పడము మంటను మీదికి బ్రాకించినమాట నిజమే. కాని మొదటి నిప్పురవ పాలుపెరుగులు దాచుకొను పెట్టెయొద్దిదే గదా!

పూర్వపు యంత్రములలోని సి.ఎఫ్.సి. వాయువులు మండునవి కావు. ఓజోను పొరకు హానికరములగుటచే 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక వానిని తొలగించినది. నేటి గృహయంత్రములలో బెక్కింట నున్నది ఐసోబ్యూటేను. వంటగ్యాసునకు దగ్గఱి చుట్టము. ఉండునది 150 గ్రాములకు లోపే యైనను, గాలికంటె బరువగుటచే మూసిన గదిలో నేలబట్టి నిలుచును.

గడ్డకట్టిన మంచును కత్తితో బొడిచి పెకలించుట మన యిండ్లలో నిత్యము చూచుచున్నాము. పెక్కు పెట్టెలలో మంచుగది గోడలయందే వాయువు గొట్టములుండును. కరెంటు ఆపి తలుపు తెఱచియుంచిన మంచు తనంతట కరగును. ఆ రెండుగంటల యోపిక మనకు లేదు! కత్తి దిగి బుస్సుమని చప్పుడైనచో ఏ మీటను, ప్లగ్గును ముట్టక, పొయ్యి యార్పి, కిటికీలు తెఱచి వెలుపలికి బోవలెను.

వేలు పోసి యంత్రము కొని, ఎర్తుగల ప్రత్యేకపు గోడప్లగ్గునకు మాత్రము లోభించువారు గలరు. మిక్సీ, హీటరులతో గలిపి యొకే పొడుగుతీగకు దగిలింతురు. తీగ వేడెక్కి కరగుట కింతకంటె నేమి కావలెను? వెనుక గాలియాడు సందైన విడువరు.

పెట్రోలు, స్పిరిటు సీసాలు చల్లగా నుండునని లోపల బెట్టుట మఱింత సాహసము. ఆవిరి నిండిన పెట్టెకు లోని దీపపుమీటయే నిప్పంటింపగలదు.