మెయిన్‌ఫ్రేమ్ డేటాబేస్ విద్య – అభ్యాస సాధనాలు

బ్యాంకులో సొమ్ము దాచుకొన్న సామాన్యునికి ఆ సొమ్ము లెక్క ఎక్కడ ఉన్నదన్న చింత ఉండదు. పాసుపుస్తకంలోని అంకె అతనికి చాలును. కాని ఆ అంకెకు మూలమైన అసలు లెక్క కంప్యూటరులోని డేటాబేస్‌లో ఉంటుంది. ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు అనేకం ఈనాటికీ ఆ లెక్కలను మెయిన్‌ఫ్రేమ్ అనే మహాయంత్రానికే అప్పగించి ఉన్నవి. పాత కచేరీలలో చిట్టా వ్రాసే గుమాస్తా వేరు, దస్త్రాల భద్రతకు బాధ్యుడైన దఫ్తర్‌దారు వేరు. అట్లే ఇక్కడ ప్రోగ్రాములు వ్రాసే డెవలపరు ఒకరు, డేటాబేస్‌ను కాపాడే అడ్మినిస్ట్రేటరు మరొకరు. ఈ రెండు పనులలో దేనికైనా సిద్ధపడదలచిన మన విద్యార్థులు ఏమి చదవాలో, ఎక్కడ అభ్యసించాలో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ముందుగా కొంత పూర్వరంగం. ఐ.బి.ఎం. సంస్థ 1964లో సిస్టం/360 అనే యంత్రకుటుంబాన్ని ప్రకటించింది. ఆ సంస్థ నేటి మెయిన్‌ఫ్రేమ్‌లు దాని వారసులే. చంద్రయాత్రకు ఉద్దేశించిన అపోలో పథకంలో అసంఖ్యాకమైన విడిభాగాల జాబితాను నిర్వహించుటకై రూపొందిన ఐ.ఎం.ఎస్. 1968లో పని ప్రారంభించింది. అది సమాచారాన్ని వంశవృక్షం వలె అమర్చుతుంది. 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు సమాచారాన్ని పట్టికల రూపంలో ఉంచవచ్చునని ప్రతిపాదించాడు. ఆ భావన నుండి ఎస్.క్యు.ఎల్. భాష పుట్టింది, 1983లో మెయిన్‌ఫ్రేమ్ కొరకు డి.బి.2 వెలువడింది. ఈ వ్యాసానికి డి.బి.2నే ఉదాహరణగా గ్రహిస్తున్నాము.

1990 దశకం చివర, 2000 సంవత్సర సమస్యను సరిదిద్దే పనికి కోబాల్ భాష తెలిసినవారు కావలసివచ్చినప్పుడు, తెలుగు యువకులు ఎందరో ఈ విద్య నేర్చి దేశాంతరాలకు వెళ్లారు. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణకు పేరు పొందింది. ఆ కాలం నుండి మన విద్యార్థులకు అలవాటైన సాధనం ఒకటి ఉన్నది. అది జిరాక్సు నోట్సు. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు, వాటికి ఒక్కొక్క పంక్తిలో సమాధానాలు – ఇదే దాని స్వరూపం. ఫీజు కట్టలేని విద్యార్థికి అది కొంత ఉపకారం చేసిన మాట నిజమే. కాని దానితోనే విద్య ముగిసిందని భావించినచో ఎంతటి ప్రమాదమో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక తండ్రి పట్నంలో చదువుతున్న కుమార్తెకు 5,000 రూపాయలు పంపాడనుకుందాం. ప్రోగ్రాము మొదట తండ్రి ఖాతాలో 5,000 తగ్గిస్తుంది. పిదప కుమార్తె ఖాతాలో 5,000 కలుపుతుంది. రెండూ జరిగిన తరువాత కమిట్ అనే ఆజ్ఞతో లావాదేవీని ఖరారు చేస్తుంది. రెండవ మెట్టులో కుమార్తె ఖాతాను అదే క్షణంలో మరొక ప్రోగ్రాము తాళం వేసి పట్టుకొని ఉన్నదనుకొనుడు. మన ప్రోగ్రాము కొంతసేపు వేచి చూస్తుంది. తాళం వీడకపోతే డి.బి.2 ఒక సంకేత సంఖ్యను పంపుతుంది. అది -911 కావచ్చు, -913 కావచ్చు. నోట్సులో ఈ రెండింటికీ ఒకే సమాధానం కనిపిస్తుంది: “తాళాల చిక్కు, మళ్లీ ప్రయత్నించాలి.”

నిజానికి ఈ రెంటికీ భేదం ఉన్నది. -911 వచ్చినదంటే, వెనుకటి కమిట్ తరువాత చేసినదంతా డి.బి.2 తానే రద్దు చేసిందని అర్థం. అప్పుడు ప్రోగ్రాము రెండవ మెట్టును మాత్రమే మళ్లీ నడిపినచో, తండ్రి ఖాతాలో తగ్గకుండానే కుమార్తె ఖాతాలో 5,000 చేరుతుంది. -913 వచ్చినప్పుడు మొదటి మెట్టు రద్దు కాలేదు. దానిని రద్దు చేయకుండా మొదటి నుండి నడిపినచో తండ్రి ఖాతా నుండి 10,000 పోతుంది. ఒక్క అంకె తేడాకు ఒక కుటుంబం నెల ఖర్చు గల్లంతు కావచ్చును.

ఈ భేదం ఎక్కడ నేర్వవలెను? డి.బి.2 మాన్యువళ్లలో కోడ్స్ అనే గ్రంథంలో ప్రతి సంఖ్యకూ వివరణ, వ్యవస్థ తీసుకొనే చర్య, ప్రోగ్రామరు చేయవలసినది అనే భాగాలు ఉంటాయి. నోట్సు మొదటిదానితో ఆగిపోతుంది. మిగిలిన రెండింటిలోనే అసలు విద్య ఉన్నది. ఈ మాన్యువళ్లను ఐ.బి.ఎం. ఉచితంగా ఇస్తున్నది. ప్రారంభకులు ఇంట్రడక్షన్ టు డి.బి.2తో మొదలుపెట్టవచ్చు. డెవలపరు కాదలచినవారు తరువాత అప్లికేషన్ ప్రోగ్రామింగ్ అండ్ ఎస్.క్యు.ఎల్. గైడ్ చదవాలి. అడ్మినిస్ట్రేటరు కాదలచినవారికి అడ్మినిస్ట్రేషన్ గైడ్, యుటిలిటీ గైడ్ ముఖ్యం. పట్టికల నకలు తీసే కాపీ, చెడినదానిని పునరుద్ధరించే రికవర్, చెదరిన వరుసలను సర్దే రీఆర్గ్, పట్టికల గణాంకాలు సేకరించే రన్‌స్టాట్స్ – ఇవి వారి నిత్యకృత్యాలు. ఆచరణలో అనుభవజ్ఞులు గ్రహించిన మెలకువలు రెడ్‌బుక్స్ అనే గ్రంథమాలలో లభిస్తాయి. క్రెయిగ్ మలిన్స్ రచించిన డి.బి.2 డెవలపర్స్ గైడ్ కూడ ప్రసిద్ధమైనదే. దాని ఆరవ కూర్పు 2012 నాటిది కావున, తరువాతి మార్పులను మాన్యువల్‌తో సరిచూచుకోవాలి.

చదువుట సగమే, చేతితో చేయుట మిగిలిన సగం. ఇంత పెద్ద యంత్రం విద్యార్థికి ఎట్లు దొరుకుతుందన్న ప్రశ్న ఒకప్పుడు న్యాయమైనది. నేడు ఐ.బి.ఎం. వారి జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే శిక్షణలో చేరినవారు ఇంటర్నెట్ ద్వారా నిజమైన మెయిన్‌ఫ్రేమ్‌పై రుసుము లేకుండా అభ్యసించవచ్చు. ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు వారి కోబాల్ పాఠాలు కూడ ఉచితమే. ఎస్.క్యు.ఎల్. సాధనకు సాధారణ కంప్యూటరుపై నడిచే డి.బి.2 కమ్యూనిటీ ఎడిషన్ ఉపకరిస్తుంది. అయితే అందులో అడ్మినిస్ట్రేటరు పనులు మెయిన్‌ఫ్రేమ్ పద్ధతికి భిన్నంగా ఉంటాయని మరువరాదు.

ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చిన మన విద్యార్థులకు ఇంగ్లీషు మాన్యువల్ అనగానే జంకు కలుగుట సహజం. మేము చెప్పేదేమనగా, అది కావ్యభాష కాదు. ఒక మాటను ఒకే అర్థంలో మళ్లీ మళ్లీ వాడుతుంది. రెండు మూడు వందల పదాలు పట్టుబడితే దారి సుగమమవుతుంది. ఒక నోటుపుస్తకంలో ఆ పదాలను వ్రాసుకొని, ఎదుట తమ భాషలో అర్థం వ్రాసుకొనవలెను. కమిట్ అంటే ఖరారు, రోల్‌బ్యాక్ అంటే రద్దు. ఈ రెండు మాటలూ ఉర్దూ విద్యార్థికీ తెలుగు విద్యార్థికీ సమానమైన ఆస్తి కదా! ఇద్దరూ కలిసి కూర్చుండి, రోజుకొక సంకేత సంఖ్యను మాన్యువల్‌లో పూర్తిగా చదివి చర్చించుకొన్నచో, ఏడాదిలో ఏ నోట్సూ ఇవ్వలేని జ్ఞానం అలవడుతుంది.

ఉద్యోగం సంపాదించుటకు సమాధానాలు కంఠస్థం చేయుట ఒకప్పుడు చాలవచ్చు. కాని అర్ధరాత్రి ఒక ప్రోగ్రాము నిలిచిపోయినప్పుడు, ఎక్కడో ఒక తండ్రి తన కుమార్తెకు పంపిన 5,000 రూపాయలు మన అవగాహనపైనే ఆధారపడి ఉంటాయి. ఆ బాధ్యతకు తగిన విద్యను మన విద్యార్థినీ విద్యార్థులు మూలగ్రంథాల నుండి, స్వహస్త సాధన నుండి ఆర్జించాలని మా ఆకాంక్ష.