ద్రాక్ష, కదళి, నారికేళము: ఇటలీ స్వరకర్తలలో ఇష్టుడెవరు?

తెలుగు పంతులు తరగతిలో తిక్కనను, పోతనను చదివించిన పిదప ఎవడో ఒక విద్యార్థి లేచి "ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప?" అని అడుగక మానడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము. చెప్పినను ప్రయోజనము తక్కువ. "ఈ ఇద్దరిలో నీకు ప్రియుడెవరు? ఏల?" అని గురువు తిరిగి అడిగినచో మాత్రము ఆ తరగతికి ప్రాణము వచ్చును. మొదటి ప్రశ్న కవులకు మార్కులు వేయుమనును. రెండవది చదువరి మనస్సునే పరీక్షకు నిలుపును. సంగీతమునందును ఇంతే. ఎవరు గొప్ప యనునది తీర్పు. ఎవరు ప్రియులనునది స్నేహము. తీర్పునకు విన్నమాట చాలును. స్నేహమునకు సహవాసము కావలెను. ఇటలీ దేశపు స్వరకర్తల వంటి దూరపువారి విషయమున ఈ భేదము మరింత స్పష్టముగా గోచరించును. ఏలయన, వారి కీర్తి మనకు ముందు వచ్చినది; వారి పాట తరువాత వచ్చినది.

ఇట్టి ఎన్నికకు కావలసిన కొలత తెలుగువారు క్రొత్తగా వెదకుకొన నక్కరలేదు. దర్శికి పడమట మార్కాపురము, దాని కావల కంభము. ఆ కంభము సీమలోని కాకర్ల గ్రామమే త్యాగరాజస్వామి పూర్వుల ఊరనియు, ఆయన ఇంటిపేరు అందుండియే వచ్చినదనియు ప్రసిద్ధి. శ్యామశాస్త్రి గారి పూర్వులును కంభము ప్రాంతము నుండియే దక్షిణమునకు తరలిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. శ్యామశాస్త్రి 1762లో, త్యాగరాజు 1767లో, ముత్తుస్వామి దీక్షితులు 1775లో, మువ్వురును తిరువారూరు పట్టణముననే జన్మించిరి. ఒకే ఊరు, ఒకే కాలము, ఒకే సంగీతశాస్త్రము. అయినను మువ్వురి పాట మూడు విధములు. ఆ భేదమును తెలుపుటకు మన పెద్దలు అలంకారశాస్త్రము నుండి పాకములను తెచ్చి, త్యాగరాజు కృతి ద్రాక్షాపాకమనిరి, శ్యామశాస్త్రి కృతి కదళీపాకమనిరి, దీక్షితుల కృతి నారికేళపాకమనిరి. ద్రాక్షపండు నోట వేయగనే రసమూరును. అరటిపండు తొక్క ఒలిచినగాని తినరాదు. కొబ్బరికాయ పీచు తీసి, పగులగొట్టి, నమలినగాని రుచి తెలియదు. ఇందులో ఏ పండు గొప్పదన్న మాట లేదు. తినువాని శ్రమ ఎంత యన్న మాట మాత్రమే ఉన్నది. కావుననే ఈ కొలత ఏ దేశపు సంగీతమునకైనను పనికి వచ్చును.

ఇటలీ సంగీతముతో తెలుగువారికి రెండు చుట్టరికములు కూడ కలవు. మొదటిది భాష. తెలుగులోవలె ఇటాలియను భాషలోను మాటలు చాలమట్టుకు అచ్చులతో ముగియును. తెలుగును ప్రాచ్య ఇటాలియనని పాశ్చాత్యులు మెచ్చుకొన్నది ఇందువలననే. హల్లు వద్ద గొంతు ఆగును. అచ్చు వద్ద రాగము సాగును. రెండవది ఫిడేలు. నేటి ఫిడేలు రూపము పదునారవ శతాబ్దమున ఉత్తర ఇటలీలో తీరినది. క్రెమోనా పట్టణమునందలి ఆమాతి వంశీయులును, వారి తరువాత స్ట్రాడివారియు దానికి పరిపూర్ణత కలిగించిరి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ పాశ్చాత్యవాద్యమును మదరాసులో అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అలవరచెను. పిమ్మట విజయనగరమున ద్వారము వేంకటస్వామినాయుడు గారు (1893–1964) దానికి తెలుగునాట శాశ్వతమైన గౌరవము సంపాదించిరి. ఇటలీలో పుట్టిన వాద్యము త్యాగరాజకృతిని పలుకుచుండగా ఇటలీ పాట మాత్రము మనకు పరాయిది కానేల?

ద్రాక్షాపాకమునకు ఆంటోనియో వివాల్డి (1678–1741) తగిన ఉదాహరణము. ఆయన వెనీసు నగరమున పుట్టి, మతాచార్యుడై, పియెటా అను అనాథబాలికల ఆశ్రమమున సంగీతము నేర్పెను. ఆ బాలికలు వాయించుటకై అనేక రచనలు చేసెను. ఆయన కాన్‌చెర్టోలు అయిదువందల వరకు కలవు. కాన్‌చెర్టో యనగా ఒక వాద్యము ముందు నిలిచి పలుకగా తక్కిన మేళము దానికి బదులు పలుకు రచన. 1725లో అచ్చయిన 'నాలుగు ఋతువులు' వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. వసంతమున పక్షుల కూతలు, నిద్రించు గొల్లవాని చెంత కుక్క మొరుగు, గ్రీష్మమున ఎండదెబ్బకు సోలిన జీవుల బడలిక, వెనువెంటనే ఉరుములతో గాలివాన, శిశిరమున పండ్లు కొరికించు చలి, ఇవన్నియు తంత్రులపైననే వినవచ్చును. వీనితోపాటు ఋతువర్ణనము చేయు పద్యములును ముద్రితములైనవి. ప్రబంధములందలి అష్టాదశవర్ణనలు చదివిన విద్యార్థికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. దర్శి సీమలో వైశాఖమాసపు ఎండ నెరిగినవానికి ఆ గ్రీష్మమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

కదళీపాకమునకు జ్యూసెప్పె వెర్డి (1813–1901). ఆయన రచనలలో ముఖ్యమైనవి ఒపెరాలు, అనగా ఆద్యంతము పాడబడు నాటకములు. కథయు భాషయు వీనికి తొక్క వంటివి. కథ తెలిసికొన్నంతనే లోపలి తీపి చేతికందును. పద్యనాటకము చూచినవారికి ఈ తీపి సులభముగనే తెలియును. నటుడు పద్యాంతమున రాగమెత్తి నిలిపినపుడు మన ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేసినట్లే, ఇటలీ ప్రేక్షకులు 'బిస్' అని అరతురు. వెర్డి 1838–1840 నడుమ తన ఇద్దరు బిడ్డలను, భార్యను పోగొట్టుకొనెను. ఆ దుఃఖము వెనువెంట 1842లో మిలాను నగరమున 'నబుక్కో' ప్రదర్శింపబడెను. అందు బందీలైన యూదులు దూరమైన స్వదేశమును తలచుకొని పాడు బృందగానము జనుల నోట నిలిచెను. 1901లో వెర్డి భౌతికకాయమును శాశ్వతసమాధికి తరలించునపుడు టోస్కనీని నాయకత్వమున వందలాది గాయకులు పాడినది ఆ పాటయే. ఆంగ్లసాహిత్య విద్యార్థికి ఆయన 'ఒథెల్లో' (1887), 'ఫాల్‌స్టాఫ్' (1893) మరింత దగ్గరివి, రెంటికిని షేక్స్పియరు మూలమగుటచేత. రెండవది వెలువడునాటికి ఆయన వయస్సు 79 ఏండ్లు. వృద్ధులైన సంగీతజ్ఞుల కొరకు మిలానులో ఆశ్రయగృహము కట్టించి, తుదకు అచ్చటనే సమాధియందు విశ్రమించెను.

నారికేళపాకమునకు పాలెస్త్రీనాను మించినవారు అరుదు. 1594లో మరణించిన ఈ స్వరకర్త క్రైస్తవ దేవాలయములలో పాడుటకు బృందగానములు కూర్చెను. మన సంగీతమున రాగధార ఒక్కటి. హరికథలో వంతపాడువాడు ముందువాని దారినే నడచును. పాలెస్త్రీనా రచనలో అట్లుకాదు. ఒక గొంతు ముందు బయలుదేరును. అది సగము దారిలో నుండగనే రెండవది అదే మాటను ఎత్తుకొని వేరు త్రోవ పట్టును. మూడవది, నాలుగవది వచ్చి చేరును. ఒకే సమయమున నాలుగైదు రాగధారలు కలిసి సాగుచుండును. తొలిసారి వినువానికి ఇది సంతలోని సందడివలె తోచిన ఆశ్చర్యము లేదు. మొదటిసారి పైగొంతును మాత్రము, రెండవసారి క్రిందిగొంతును మాత్రము వెంబడించి, తరువాత అన్నిటిని కలిపి వినినచో సందడి క్రమముగా సౌధమగును. అవధాని ఎనమండుగురు పృచ్ఛకులను ఒకేమారు మనస్సున నిలుపుకొనును గదా! ఇచ్చట శ్రోతయే అవధాని కావలెను.

పట్టిక ఈ మువ్వురితో ముగియదు. 1607లో 'ఓర్ఫేయో' రచించి ఒపెరాకు నిలుకడ కలిగించిన మొంటెవెర్ది ఉన్నాడు. 'సెవిల్ క్షురకుడు' (1816) వంటి హాస్యరచనలతో నవ్వించి, 37వ ఏటనే ఒపెరా రచన మానుకొన్న రోస్సిని ఉన్నాడు. 'తురాన్‌దోత్' పూర్తికాకుండగనే 1924లో మరణించిన పుచ్చీని ఉన్నాడు. 1926లో దాని తొలి ప్రదర్శనమున టోస్కనీని ఆ స్వరకర్త వ్రాసినంతవరకే నడిపించి చేతికఱ్ఱ దించెను. వీరిలో ఎవరినైనను వరించుటకు శ్రోతకు స్వేచ్ఛ కలదు. వినకుండ వరించుటకు మాత్రము లేదు.

ఈ స్వేచ్ఛను ఎట్లు వాడుకొనవలెనో దీక్షితులవారి జీవితమే చూపుచున్నది. నారికేళపాకమునకు పేరొందిన ఆ విద్వాంసుడు పాశ్చాత్యుల మేళములు వాయించు వరుసలను విని, నచ్చినవానిని గ్రహించి, శంకరాభరణ స్వరములతో సంస్కృత సాహిత్యము కూర్చెను. వానినే నొట్టుస్వరములందురు. ఆంగ్లేయుల రాజగీతపు వరుసయే 'సంతతం పాహిమాం' అను కృతి అయినది. పరదేశపు పాటను ఆయన వెక్కిరింపలేదు. దానికి దాసుడును కాలేదు. తన ఇంటికి తెచ్చి తన దేవత ముందుంచెను.

ఇష్టము కేవలము వినోదము కాదు. రచన బ్రతికియుండుటకు అదియే ఆధారము. వివాల్డి 1741లో వియన్నాలో పేదరికమున మరణించిన పిమ్మట ఆయన సంగీతము దాదాపు రెండు శతాబ్దములు మరుగున పడెను. 1926లో ఇటలీలోని పియెమోంటు ప్రాంతమున ఒక మతపాఠశాలవారు పాత గ్రంథములను అమ్మజూడగా, వానిలో ఆయన వ్రాతప్రతులు బయటపడెను. వానిని, మరియొకచోట దొరికిన తక్కిన భాగమును టూరిన్ నగర గ్రంథాలయమునకు కొనియిచ్చిన ధనము ఇద్దరు తండ్రులది. ఇద్దరును పసిబిడ్డలను పోగొట్టుకొన్నవారు. ఆ బిడ్డల పేరనే ఆ సంపుటములు నేటికిని నిలిచియున్నవి. త్యాగరాజుకు ఇట్టి అజ్ఞాతవాసము పట్టలేదు. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యులు ఆయన కృతులను కంఠమునను, తాటాకునను కాపాడిరి. 1847లో ఆయన కన్నుమూసిన చాలకాలమునకు బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) తన ఆస్తిని వెచ్చించి తిరువయ్యారున సమాధిమందిరము కట్టించెను. ఈ రక్షణమంతయు ఎవరి ఆజ్ఞవలనను జరుగలేదు. ఒకరికి ఒక స్వరకర్త ప్రియుడగుటవలన జరిగినది.

నేడు చేతిలోని ఫోనునందు వివాల్డియు, పాలెస్త్రీనాయు, త్యాగరాజును ఒకేచోట నున్నారు. వెనుకటితరమునకు లేని భాగ్యమిది. కాని ఒక పాట ముగియకుండగనే ఆ యంత్రము మరియొకటి వినిపించును. ఎన్నిక మనదో, యంత్రముదో తెలియకుండ పోవును. పాఠశాలలో దీనికి విరుగుడు కష్టము కాదు. వారమునకు ఒక్క రచన. దానిని మూడుమార్లు వినుట. ఏది నచ్చెనో, ఏల నచ్చెనో అయిదు వాక్యములు తెలుగున వ్రాయుట. ఇంతమాత్రమున విద్యార్థికి చెవియు, భాషయు ఒకేసారి పదునెక్కును.

కాకర్ల మన సీమలోని దనుట గర్వకారణమే. కాని పూర్వుల ఊరు దగ్గరగా నున్నంతమాత్రమున త్యాగరాజు దగ్గర కాడు. వెనీసు దూరముగా నున్నంతమాత్రమున వివాల్డి దూరము కాడు. విన్నవానికే ఇద్దరును దగ్గర. ద్రాక్షతో మొదలిడినవాడు నేడు కాకున్న రేపు కొబ్బరికాయను చేత పట్టును. అంతవరకు అతని ఇష్టమును చూచి నవ్వకుండుట గురువు విధి.