ఫొటోలు దిద్దే తెర: పెట్టెపై ఏ అంకె చూడాలి?

పెళ్లి ఆల్బం ల్యాబు నుండి వచ్చిన తరువాత వధువు ముఖం నల్లబడి, పసుపు వస్త్రాలు నారింజ రంగుకు తిరిగి కనిపిస్తే నింద సాధారణంగా కెమెరాపైనో, ల్యాబుపైనో పడుతుంది. అనేక సందర్భాలలో అసలు కారణం ఫొటోలను దిద్దిన కంప్యూటరు తెర. ఇంటి ముందు గదిలోనే స్టూడియో నడుపుకొనే కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు. ఆల్బం మళ్లీ వేయించిన ఖర్చు ఆ ఇంటిదే. పోయిన పేరు సులభంగా తిరిగి రాదు.

దుకాణంలో ముందుగా చూపేవి తెర పరిమాణం, హెర్ట్జ్ అంకె. హెర్ట్జ్ అంటే బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారునన్నది. ఆటలకు అది అవసరం, కదలని ఫొటోకు కాదు. 1 కోటి 67 లక్షల రంగులన్న మాట కూడా గొప్పగా వినిపిస్తుంది గాని, అది మెట్ల సంఖ్యయే తప్ప మెట్లు ఎంత ఎత్తుకు పోతాయో చెప్పదు.

చూడవలసినవి రెండు. మొదటిది, తెర ఏ జాతిదన్నది. టీఎన్ తెరలో తల కాస్త పైకో కిందికో కదిపితే చాలు, అదే ముఖం ఒకసారి తెల్లగా, మరొకసారి నల్లగా కనిపిస్తుంది. అట్టి తెరపై ఏ ఛాయ నిజమో నిర్ణయించుట ఎట్లు? వీఏ తెరలో నలుపు చిక్కగా ఉంటుంది కాని, పక్క నుండి చూస్తే నీడల ఛాయ మారుతుంది. ఐపీఎస్ తెరలో ఈ తేడా చాలా తక్కువ. ఒకప్పుడు ఖరీదైన ఈ రకం నేడు సాధారణ ధరలకే దొరుకుతున్నది.

రెండవది ఎస్‌ఆర్‌జీబీ శాతం. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన ఈ రంగుల పరిధినే నేటికీ సాధారణ ల్యాబులు కోరుతాయి. పెట్టెపై 99 లేదా 100 శాతం ఉంటే చాలును. కొన్నింటిపై ఎన్‌టీఎస్‌సీ అనే వేరొక కొలత ఉంటుంది. అందులో 72 శాతం ఇంచుమించు ఎస్‌ఆర్‌జీబీ అంతటి విస్తీర్ణం. 45 శాతమని ఉంటే కుంకుమ ఎరుపు, పట్టుచీర పచ్చదనం వెలవెలబోతాయి. అది ఎంత చౌకైనా విడిచిపెట్టవలసినదే.

ఫుల్ హెచ్‌డీ తెర అయితే 24 అంగుళాలు సరిపోతుంది. అదే 27 అంగుళాలలో చుక్కలు విడివడినట్లు తోస్తుంది. అంత పెద్దది కావాలంటే 2560 x 1440 చుక్కలది తీసుకోవాలి.

కొన్న తరువాత చేసే పని మరింత ముఖ్యం. ఫ్యాక్టరీ నుండి వచ్చిన తెర కాంతి తరచుగా 250 క్యాండెలాల వరకు ఉంటుంది. ప్రింటు కొరకు దిద్దేటప్పుడు 80 నుండి 120 చాలు. తెర మరీ వెలుగుతుంటే దిద్దేవారు ఫొటోను నల్లబరుస్తారు, కాగితంపై ముఖాలు మసకబారుతాయి. అందుచేత మెనూలో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, రంగు ఉష్ణోగ్రతను 6500కు పెట్టి, అరగంట వెలిగిన తరువాతనే పని మొదలుపెట్టాలి. కిటికీ వెలుగు తెరపై నేరుగా పడరాదు.

రంగులు కొలిచే కాలిబ్రేటరు మేలైన పరికరమే గాని, దాని వెల ఒక్కొక్కసారి మానిటరు వెలను మించుతుంది. అది లేనివారు ఆల్బం పంపే ముందు అదే ల్యాబులో రెండు చిన్న ప్రింట్లు తీయించి, పగటి వెలుగులో తెర పక్కన పెట్టి చూడవచ్చును. ప్రింటు నల్లగా ఉంటే తెర కాంతిని ఇంకొంచెం తగ్గించి, ఆ ఫొటోలను మళ్లీ దిద్దాలి.