సభకుఁ బోయిన దినపు వేతనము

తాండూరున నాపరాళ్ళకు నునుపు పెట్టు కూలివాఁడును, కరన్‌కోట సిమెంటు కర్మాగారపు ఉద్యోగియు, వికారాబాదు ప్రభుత్వ కార్యాలయములోని గుమాస్తాయు ఒకే రాజకీయసభకుఁ బోయినను, మఱునాఁడు వారికెదురగు ఫలితము ఒక్కటి కాదు. రోజుకూలివానికి ఆనాఁటి కూలి పోవును. కర్మాగారోద్యోగి ముందుగా వేతనముతోడి సెలవడిగి మంజూరు చేయించుకొన్నచో వేతనము దక్కును. చెప్పక మానినవానికి 1936 నాఁటి వేతన చెల్లింపు చట్టము గైరుహాజరైన కాలమునకే కోత యనుమతించెను గాని, పదిమందియో అంతకు మించియో ఏకమై, ఒప్పందము కోరిన నోటీసు నీయక, తగిన కారణము లేక మానినప్పుడు ఎనిమిది దినముల వేతనమువఱకుఁ గోయుటకు వీలు కల్పించెను. సభకుఁ బోవువారు తఱచుగా గుంపుగాఁ బోవుదురు గావున ఈ నిబంధన వారెఱిఁగియుండుట మిక్కిలి అవసరము. పోలింగునాఁడు వేతనముతోడి సెలవును ప్రజాప్రాతినిధ్య చట్టము హక్కుగా నొసఁగెను. సభలకట్టి హక్కు లేదు. ప్రభుత్వోద్యోగికైతే ప్రవర్తనా నియమావళి రాజకీయములందుఁ బాల్గొనుటనే నిషేధించును.

అయినను 2011 సెప్టెంబరు 13 మొదలు అక్టోబరు 24 వఱకు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రము కోరి సాగిన సకలజనుల సమ్మెలో తెలంగాణ ప్రాంతపు ప్రభుత్వోద్యోగులు విధులు మానిరి. పని చేయనిదే జీతము లేదని నాఁటి ప్రభుత్వము శాసించెను. రాష్ట్రావతరణానంతరము ఆ 42 దినములు ప్రత్యేక సెలవుగాఁ బరిగణింపఁబడెను. అది న్యాయమే, కాని ఆ యుత్తర్వు ప్రభుత్వోద్యోగులకుఁ జెల్లెను, రాతిపనివాని కూలికిఁ గాదు.